ఎన్నింటిలో ఎన్ని? కోలారు నేల నేర్పే లెక్కలు

కోలారు ఏపీఎంసీ యార్డులో వేలంపాట ముగిశాక ఆ రోజు టమోటా ధరను మూడు అంకెలుగా నమోదు చేస్తారు. కనిష్ఠం, గరిష్ఠం, ఆ తర్వాత ‘మోడల్’ ధర. మొదటి రెండూ అందరికీ తెలిసినవే. మూడో అంకె దగ్గర ఆగి ఇదేమిటని అడిగినవాళ్ళు నాకు చాలా తక్కువగా తగిలారు. రైతుకు అక్కరకొచ్చేది మాత్రం అదే. ఆ రోజు ఎక్కువ సరుకు ఏ ధర దగ్గర తెగిందో అది చెబుతుంది. తెలుగు లెక్కల పుస్తకంలో దాని పేరు బాహుళకం. కన్నడ పుస్తకాల్లో ‘రూఢిబెలె’ అన్నారు, అంటే వాడుకలో ఉన్న విలువ అని. ఇంతకంటే చక్కని పేరు నాకు కనబడలేదు. పరీక్షలో బాహుళకానికి సూత్రం రాసి మార్కులన్నీ తెచ్చుకున్న పిల్ల, సెలవు రోజున నాన్నకు తోడుగా క్రేట్లు దించడానికి మండీకి వస్తుంది. అక్కడి మూడో అంకె తన నోటుబుక్కులోదేనని ఆమెకు తోచదు. ఎవరూ చెప్పలేదు కాబట్టి తోచదు.

గణాంకాల అక్షరాస్యత అనే పెద్ద మాటకు నేను చెప్పుకునే అర్థం ఈ ఎడాన్ని దాటడమే. ఈ విషయం మీద ప్రపంచంలో చాలా పుస్తకాలు వచ్చాయి. 1954లో డారెల్ హఫ్ అనే అమెరికన్ రచయిత, గణాంకాలతో ఎలా అబద్ధమాడతారో చెబుతూ చిన్న పుస్తకం రాశాడు. అది ఇప్పటికీ అమ్ముడుపోతోంది. స్వీడన్ వైద్యుడు హాన్స్ రోస్లింగ్ కదిలే బొమ్మలతో దేశాల ఆయుర్దాయాన్నీ ఆదాయాన్నీ చూపించి లక్షలమందిని ఆకట్టుకున్నాడు. ఆయన 1972లో బెంగళూరు సెయింట్ జాన్స్ వైద్య కళాశాలలో కొంతకాలం చదువుకున్నాడు కూడా. వీళ్ళ పుస్తకాలు నాకు మేలు చేశాయి. అయితే హఫ్ చూపినవి అమెరికా పత్రికల ప్రకటనలు, రోస్లింగ్ చూపినవి దేశదేశాల పటాలు. మన పిల్లలకు నేర్పడానికి కావలసిన ఉదాహరణలు మన ఊళ్ళలోనే ఉన్నాయి. కోలారు జిల్లాలోనైతే అడుగుకొకటి దొరుకుతుంది.

గెలిచినవాళ్ళ ధర

2023 జూలైలో కోలారులో 15 కిలోల టమోటా బాక్సు రెండు వేల రూపాయలు దాటింది. ఆ నెలంతా ఫోన్లలో తిరిగిన వార్తలు లక్షలు, కోట్లు కళ్ళజూసిన రైతులవే. అవి అబద్ధాలు కావు. కానీ అదే ఏడాది వేసవిలో కోత కూలి కూడా గిట్టక పంటను చేలోనే వదిలేసినవాళ్ళున్నారు, రోడ్డు పక్కన పారబోసినవాళ్ళున్నారు. జూలైలో ధర ఎందుకు లేచింది? సరుకు లేక. సరుకు ఎందుకు లేదు? వేసవి దెబ్బకు చాలామంది మళ్ళీ నారు పోయలేదు. పోసినచోట తెగుళ్ళు, వానలు మిగల్చలేదు. ఎక్కువమంది దగ్గర కాయ లేకపోవడం వల్లనే కొద్దిమందికి ఆ ధర పలికింది. అందరి దగ్గరా కాయ ఉండి ఉంటే ఆ ధర ఉండేదే కాదు. వార్త చూసి అప్పు తెచ్చి నాటినవాళ్ళ కాయ మండీకి చేరేనాటికి, అంటే సెప్టెంబరుకల్లా, ధర మళ్ళీ నేలకు దిగింది.

గట్టెక్కినవాళ్ళను మాత్రమే చూసి లెక్క కట్టడం అన్ని చోట్లా జరిగే పొరపాటు. కోచింగ్ సెంటర్ గోడ మీద ర్యాంకుల ఫొటోలు ఉంటాయి. ఎంతమంది చేరితే ఇన్ని ర్యాంకులు వచ్చాయో ఉండదు. బోరు బండి యజమాని ఫలానా ఊళ్ళో మూడించుల నీళ్ళు పడ్డాయని చెబుతాడు. ఆ ఊళ్ళో ఎన్ని బోర్లు వట్టిపోయాయో చెప్పడు. ‘ఎన్నింటిలో ఎన్ని?’ అనే ఒక్క ప్రశ్న అలవాటైతే సగం మోసాలు గడప దాటి లోపలికి రావు.

ఆ ప్రశ్నలోని మొదటి మాటనే హారం అంటారు. హారం చూడకపోతే ఎంత పొరబడతామో చూపడానికి కోలారు జిల్లా జనాభా ఒక్కటి చాలు. 2001 జనగణనలో జిల్లా జనాభా 25 లక్షల పైచిలుకు. 2011లో 15,36,401. పదేళ్ళలో పది లక్షలమంది ఏమైపోయినట్టు? కరువుకు వలసపోయారనీ, బంగారు గనులు మూతపడ్డాయి కాబట్టి వెళ్ళిపోయారనీ ఎంత నమ్మకంగానైనా కథ అల్లవచ్చు. 2001లో గనులు మూతపడ్డ మాట నిజమే గనుక ఆ కథ అతుకుతుంది కూడా. అసలు సంగతి, 2007లో చిక్కబళ్ళాపురం వేరే జిల్లా అయింది. 2011లో ఆ జిల్లా జనాభా పన్నెండున్నర లక్షలు. రెండూ కలిపితే పాత కోలారు జనాభా పెరిగిందే గానీ తగ్గలేదు. ఆ తర్వాత బంగారుపేట తాలూకా నుంచి కేజీఎఫ్ (కోలార్ గోల్డ్ ఫీల్డ్స్) తాలూకా విడిపోయింది. వచ్చే జనగణన అంకెలు చూసి ‘బంగారుపేట ఖాళీ అయింది’ అని రాసేవాళ్ళు తప్పకుండా ఉంటారు. అంకె మారినప్పుడు ముందు గీత మారిందేమో చూడాలి.

మొదట చెప్పిన అంకె మనసులో పాతుకుపోవడం ఇంకొక సంగతి. 2020 డిసెంబరు 12న కోలారు జిల్లా నరసాపురలోని విస్ట్రాన్ ఐఫోన్ ఫ్యాక్టరీలో జీతాల గొడవ ముదిరి విధ్వంసం జరిగింది. పోలీసు ఫిర్యాదులో నష్టం 437 కోట్ల రూపాయలని వచ్చింది. కొద్ది రోజులకే కంపెనీ తైవాన్ స్టాక్ ఎక్స్చేంజికి తెలిపిన అంచనా 10 నుంచి 20 కోట్ల తైవాన్ డాలర్లు, మన రూపాయల్లో దాదాపు 26 నుంచి 52 కోట్లు. రెండింటికీ ఎనిమిది రెట్లకు తక్కువ లేని తేడా. అప్పటి గొడవ గురించి మాట్లాడేవాళ్ళను ఇప్పుడు కదిలించినా నోట వచ్చేది నాలుగు వందల కోట్లే. ఆ అంకె ఎవరు ఎవరికి చెప్పారు, పోలీసులకా, పెట్టుబడిదారులకా, బీమా కోసమా? చెప్పే చోటును బట్టి అంకె ఎటు మొగ్గవచ్చో ఊహించడం కూడా లెక్కల చదువులో భాగమే.

టన్నుకు ఎన్ని గ్రాములు

కోలారు బంగారు గనులు నూటయిరవై ఏళ్ళు నడిచింది ఒకే ఒక్క నిష్పత్తి మీద. టన్ను రాయికి ఎన్ని గ్రాముల బంగారం? జాన్ టేలర్ అండ్ సన్స్ 1880ల్లో పని అందుకున్న తొలి రోజుల్లో అది పదుల గ్రాముల్లో ఉండేది. 2001 ఫిబ్రవరి 28న భారత్ గోల్డ్ మైన్స్ మూతపడేనాటికి మూడు గ్రాముల చుట్టూ తిరుగుతోంది. మొత్తం మీద వచ్చిన బంగారం 800 టన్నులని చెబుతారు. ఏళ్ళతో భాగిస్తే ఏడాదికి ఆరున్నర టన్నుల పైన. ఆ సగటును చూసి గని చరిత్ర రాయబోతే మాత్రం తప్పుతుంది. 1900ల తొలి దశాబ్దంలో ఏటా 15 టన్నులు దాటిన కాలముంది. చివరి ఏళ్ళలో రెండు టన్నులు కూడా పలకని కాలముంది. ఛాంపియన్ రీఫ్‌లో పనిచేసిన తాతకూ, గని మూసివేత నోటీసు చదివిన మనవడికీ సగటు ఏమీ చెప్పదు. వాళ్ళిద్దరి మధ్య ఉన్న వాలే అసలు కథ.

ఆ నిష్పత్తిని ఎలా కనుక్కునేవారు? గని ముఖం మీద కొలత ప్రకారం కొంత దూరానికొకచోట ఉలితో రాయి చెక్కి, సంచిలో వేసి, పరీక్షశాలకు పంపేవారు. మన మాటల్లో మచ్చు తీయడం. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే తెలుస్తుందని మనకు సామెతలాంటి నమ్మకం. కుండ బాగా కలిపి ఉంటేనే అది నిజం. అడుగు మాడి, పైన పలుకు ఉన్న కుండలో ఏ మెతుకు పట్టామన్నదాని మీద జవాబు మారిపోతుంది. బంగారు రాయి కలపని కుండ. ఒక చోట చెక్కిన పిడికెడు రాయిలో బంగారం మెరుస్తుంది, చేతి దూరంలో వట్టి స్ఫటికం. దక్షిణాఫ్రికా గనుల్లో పనిచేసిన ఇంజనీరు డానీ క్రిగె 1951లో దీన్నే గట్టిగా పట్టుకున్నాడు. మచ్చులో చాలా గొప్పగా కనబడిన భాగాలు తవ్వాక అంత గొప్పగా ఉండటం లేదు, చాలా పేదగా కనబడినవి అంత పేదగానూ లేవు. కొంత అదృష్టం, కొంత దురదృష్టం మచ్చులో కలిసి వస్తున్నాయి. పక్క మచ్చుల్ని కూడా లెక్కలోకి తీసుకొని అంచనాను సరిదిద్దే పద్ధతికి ఆ తర్వాత ఆయన పేరే పెట్టారు. ఒక్క యూనిట్ పరీక్షలో మొదటి ర్యాంకు వచ్చిన పిల్లవాడు తర్వాతి పరీక్షలో కాస్త కిందికి దిగితే ‘దిష్టి తగిలింది’ అనే తల్లులకు నేను ఈ క్రిగె కథే చెబుతుంటాను.

ఇప్పుడు ఆ గని తాలూకు అతిపెద్ద అంకె సైనైడ్ దిబ్బలది. రాయిని పిండి చేసి, సైనైడుతో బంగారం లాగాక మిగిలిన బూడిదరంగు మట్టి అది. 2024 జూన్‌లో కర్ణాటక మంత్రివర్గం, 1,003 ఎకరాల్లో ఉన్న 13 దిబ్బలను మళ్ళీ శుద్ధి చేయడానికి కేంద్రానికి సమ్మతి తెలిపింది. మట్టి 3.3 కోట్ల టన్నులు. టన్నుకు 0.7 గ్రాముల బంగారం ఉందనుకుంటే మొత్తం 23 టన్నులు. పది గ్రాములు లక్ష రూపాయలనుకుంటే 23 వేల కోట్ల రూపాయలు. గుణకారంలో తప్పేమీ లేదు. అయినా ఇది చేతికొచ్చే డబ్బు లెక్క కాదు. 0.7 గ్రాముల్లో ఎంత బయటికి లాగగలరు? టన్ను మట్టిని కదపడానికి, నీళ్ళతో కలపడానికి, మళ్ళీ ఎక్కడో పోయడానికి ఎంత ఖర్చు? నీళ్ళు ఎక్కడివి? ఆ దిబ్బ ఒకప్పుడు పనికిరాదని వదిలేసినదే. టన్నుకయ్యే ఖర్చు వెయ్యి రూపాయలు పెరిగితే మొత్తంలో 3,300 కోట్లు ఎగిరిపోతాయి. పెద్ద అంకె చెప్పినవాళ్ళను, దాని వెనక ఉన్న చిన్న అంకెలు చెప్పమని అడగాలి.

ఆషాఢమాసపు గాలికి ఆ దిబ్బల పొడి లేచి రాబర్ట్‌సన్‌పేట, ఛాంపియన్ రీఫ్ ఇళ్ళ మీద పడుతుంది. ఆరేసిన తెల్ల చొక్కా సాయంత్రానికి బూడిదరంగు తిరిగి, దులిపితే గొంతులో గరగర. దగ్గు, చర్మం మంటలు చెప్పుకునే ఇళ్ళు చాలా. ఇక్కడ కావలసింది రోజువారీ కొలత. గాలి ఏ దిక్కు, పొడి ఎంత, ఆసుపత్రికి దగ్గుతో ఎందరు వచ్చారు, దిబ్బకు దూరంగా ఉన్న పేటలో ఎందరు. ఇది కాలేజీ పిల్లలు ఒక్క ఏడాదిలో మొదలుపెట్టగల పని.

ఊపిరితిత్తుల జబ్బు ఈ ఊరికి కొత్త కాదు. మన దేశంలో సిలికోసిస్‌ను మొదట పెద్ద ఎత్తున గుర్తించింది కోలారు గనుల్లోనే. 1940ల్లో ఏడున్నర వేలకు పైగా కార్మికులను పరీక్షిస్తే నూటికి నలభైమందికి పైగా ఆ జబ్బు ఉన్నట్టు తేలింది. అంత భయంకరమైన అంకెను కూడా నిలదీయాలి, తగ్గించడానికి కాదు. పరీక్షకు నిలబడింది ఉద్యోగంలో ఉన్నవాళ్ళు. రాయి కొట్టే శక్తి పోయి చిత్తూరు పల్లెలకో ఉత్తర ఆర్కాటుకో తిరిగి వెళ్ళిపోయి, అక్కడ క్షయ అనుకొని చనిపోయినవాళ్ళు ఎక్స్-రే గది ముందు వరసలో ఎలా ఉంటారు? లెక్కలో లేనివాళ్ళను లెక్కలోకి తెచ్చుకోవడం గణాంకాల చదువులో అన్నిటికంటే మనసున్న భాగం.

సున్నా కూడా లెక్కే

లెక్కకు అందనిదాన్ని కూడా లెక్కలోకి తెచ్చుకోవడం గురించి నేను ఎరిగిన అతి అందమైన కథ, బంగారం తీసిన ఆ బొరియల్లోనే ఉంది. ఆకాశం నుంచి వచ్చే కాస్మిక్ కిరణాల వల్ల పుట్టే మ్యుయాన్ అనే కణాలు మన అరచేతి గుండా సెకనుకు ఒకటి చొప్పున దూసుకుపోతుంటాయి. లోతుకు వెళ్ళేకొద్దీ రాయి వాటిని ఆపేస్తుంది. హోమీ భాభా ప్రోద్బలంతో బి.వి. శ్రీకంఠన్ 1951లో కేజీఎఫ్ గనిలో దిగి వాటిని లెక్కపెట్టడం మొదలుపెట్టారు. 1960ల మొదట్లో జపాన్‌కు చెందిన ఎస్. మియాకే, టాటా మౌలిక పరిశోధన సంస్థ (టీఐఎఫ్ఆర్) శాస్త్రజ్ఞులు వి.ఎస్. నరసింహం, పి.వి. రమణమూర్తి ఇంకా లోతుకు వెళ్ళారు. రెండున్నర కిలోమీటర్లు దాటిన చివరి మజిలీలో వారాల తరబడి పరికరం పెట్టి కూర్చుంటే ఒక్క కణమూ తగలలేదు.

ఇంకొకరైతే పరికరం పాడైందనో, పని చెడిందనో సర్దుకొని వచ్చేసేవారు. వాళ్ళు ఆ సున్నాను చదివారు. ఇక్కడ అంత నిశ్శబ్దం ఉంటే, భూమిని సైతం దాటి రాగల న్యూట్రినో అనే కణం చేసే చిన్న సవ్వడి ఇక్కడే వినబడాలి. 1965లో రెండు కిలోమీటర్లకు పైగా లోతులో పరికరాలు నిలబెట్టారు, అదీ నిలువుగా. పైనుంచి వచ్చే మ్యుయాన్లు దాదాపు నిట్టనిలువుగా దిగుతాయి గనుక, బాగా ఏటవాలుగా, అడ్డంగా పోయే కణం కనబడితే అది న్యూట్రినో పుట్టించినదే కావాలి. టాటా సంస్థ, ఒసాకా సిటీ విశ్వవిద్యాలయం, ఇంగ్లండులోని డరమ్ విశ్వవిద్యాలయం కలిసి చేసిన ఆ ప్రయోగం వాతావరణ న్యూట్రినోలను పట్టింది. అదే ఏడాది దక్షిణాఫ్రికా బంగారు గనిలో ఫ్రెడరిక్ రైనెస్ జట్టు కూడా పట్టింది. చేతిలో పడ్డవి వేళ్ళమీద లెక్కించగలిగినన్ని ఘటనలే. వాటికి విలువ వచ్చింది సంఖ్య వల్ల కాదు, ఇంకో కారణంతో అవి వచ్చే వీలు లేకుండా ముందే కట్టుదిట్టం చేసుకోవడం వల్ల.

కథలో రెండో సగం కూడా చెప్పాలి. 1980 నుంచి అదే గనిలో 140 టన్నుల ఇనుప పరికరంతో, ప్రోటాన్ ఎప్పటికైనా చిట్లుతుందా అని వెతికారు. చిట్లినట్టు కనిపించే కొన్ని ఘటనలు దొరికాయి. శాస్త్రజ్ఞులు ప్రకటించారు. లోకం తలతిప్పి కోలారు వైపు చూసింది. అమెరికాలో ఒహాయో ఉప్పు గనిలో, జపాన్‌లో కమియోకా గనిలో ఇంకా పెద్ద నీటి తొట్లు పెట్టి చూశారు. ఎక్కడా కనబడలేదు. అవే ఘటనలు న్యూట్రినోల వల్ల కూడా వచ్చి ఉండవచ్చు. ప్రోటాన్ చిట్లడం ఇప్పటికీ ఎవరి కంటా పడలేదు. ఇందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదని నా గట్టి అభిప్రాయం. చూసింది దాచకుండా చెప్పడం, ఇతరులు మళ్ళీ చేసి చూడటం, నిలవకపోతే వదులుకోవడం, ఇదే పద్ధతి. ఒకే గని, ఒకే సంస్థ. ఒకసారి కొన్ని ఘటనలు చాలాయి, ఇంకోసారి చాలలేదు. కేజీఎఫ్ బళ్ళలో ఈ రెండు కథల్నీ పక్కపక్కన పెట్టి చెబితే సంభావ్యత పాఠానికి అంతకంటే మంచి ముందుమాట ఉండదు.

సగటు నీళ్ళు ఎవరూ తాగరు

కోలారులో బోర్లు వెయ్యి అడుగులు దాటి చాలా కాలమైంది. ఫ్లోరైడు సమస్య అంతకంటే పాతది. తాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు ఒక మిల్లీగ్రాము మించకుండా ఉంటే మంచిది, వేరే దారి లేనప్పుడు 1.5 దాకా అని మన ప్రమాణం. తాలూకా సగటు 1.2 అని ఒక కాగితం మీద ఉందనుకుందాం. ఒక బోరులో 0.5, పక్క వీధి బోరులో 3 ఉన్నా ఆ సగటు రావచ్చు. మూడు ఉన్న బోరు నీళ్ళు తాగే పిల్లల పళ్ళు గారపడతాయి, సగటు వాళ్ళను కాపాడదు.

ఇంకో మోసం మరీ ఇంట్లోకి వచ్చింది. నీళ్ళ యంత్రం అమ్మేవాడు పెన్నులాంటి మీటరు గ్లాసులో ముంచి, 700 అని చూపించి బెదరగొడతాడు. తన యంత్రం నీళ్ళలో ముంచి 40 అని చూపిస్తాడు. ఆ మీటరు కొలిచేది నీళ్ళలో కరిగిన లవణాల మొత్తాన్ని, అదీ విద్యుత్తు ఎంత పారుతుందన్నదాన్ని బట్టి. ఫ్లోరైడు ఎంత, సూక్ష్మజీవులు ఎన్ని అన్నది అది చెప్పలేదు. అంకె నిజమే, మన ప్రశ్నకు జవాబు మాత్రం కాదు. ఫ్లోరైడుకు వేరే పరీక్ష అడగండి అని పక్కింటి అక్కయ్యకు చెప్పగల పిల్ల ప్రతి వీధికీ ఒకరుంటే చాలు.

చెరువుల సంగతి ఇంకా చిక్కుది. బెంగళూరు మురుగునీటిని రెండు దశల్లో శుద్ధి చేసి కోలారు చెరువులు నింపే కేసీ వ్యాలీ పథకం 2018 జూన్‌లో నీళ్ళు పారించింది. రోజుకు 44 కోట్ల లీటర్లు లక్ష్యం. మరుసటి నెలలోనే లక్ష్మీసాగర చెరువు దగ్గర నురగ తేలింది. దీని మీద వ్యాజ్యం హైకోర్టుకూ, సుప్రీంకోర్టుకూ వెళ్ళింది. తర్వాతి ఏళ్ళలో బావుల్లో నీటిమట్టం లేచిందని లెక్కలు వచ్చాయి. లేచిన మాట రైతులూ కాదనరు. దేని వల్ల లేచిందన్నది ప్రశ్న. 2021 నవంబరులో ఈ ప్రాంతంలో ఏళ్ళ తరబడి ఎరగని వాన కురిసి, పాలార్ పారింది, చెరువులు అలుగు పోశాయి. వానా, పథకం నీళ్ళూ ఒకేసారి వచ్చినప్పుడు ‘ముందు, తర్వాత’ అని పోల్చితే రెంటినీ విడదీయలేం. పథకం నీళ్ళు అందిన చెరువుల కింద బావులూ, అదే వాన పడినా ఆ నీళ్ళు అందని చెరువుల కింద బావులూ పక్కపక్కన పెట్టి, ఏది ఎంత లేచిందో చూడాలి. అప్పుడు మిగిలే తేడాను పథకం ఖాతాలో వేయవచ్చు. నీటి శుభ్రతకూ అంతే. శుద్ధి కేంద్రం గేటు దగ్గర మచ్చు తీశారా, చివరి చెరువులో తీశారా, ఎన్నాళ్ళకొకసారి తీశారు? నాకు ఈ పథకం మీద ద్వేషం లేదు. ఎండిన చెరువులో నీళ్ళు చూసిన ముసలి రైతు ముఖం నేను చూశాను. అందుకే దాని లెక్క అనుమానానికి అందనంత శుభ్రంగా ఉండాలని కోరుకుంటాను.

ఉప్పు లెక్క

తెలుగువాళ్ళం గర్వంగా చెప్పుకునే పేరు కల్యంపూడి రాధాకృష్ణారావు. సి.ఆర్. రావుగా లోకం ఎరిగినవాడు. 1920లో ఇప్పటి కర్ణాటకలోని హూవిన హడగలిలో తెలుగు ఇంట పుట్టి, ఆంధ్ర దేశంలో చదివి, 25 ఏళ్ళ వయసులో సాంఖ్యక శాస్త్రానికి పునాది రాళ్ళనదగ్గ ఫలితాలు ఇచ్చి, 2023లో అంతర్జాతీయ సాంఖ్యక బహుమతి అందుకొని, ఆ ఏడాదే ఆగస్టులో 102 ఏళ్ళు నిండి వెళ్ళిపోయారు. సామాన్యుల కోసం ఆయన రాసిన పుస్తకంలో 1947 నాటి ఉదంతం ఒకటి చెప్పారు. ఢిల్లీ ఎర్రకోటలో తలదాచుకున్న శరణార్థులకు భోజనాలు పెట్టిన కాంట్రాక్టర్లు పెద్ద బిల్లులు పంపారు. లోపల ఎందరున్నారో బయటివాళ్ళు లెక్కపెట్టే వీలు లేదు. జె.ఎం. సేన్‌గుప్తా చెప్పిన ఉపాయంతో, బిల్లులోని బియ్యం, పప్పు, ఉప్పులను మనిషి తినే పరిమాణంతో భాగించి చూశారు. మూడూ మూడు జనాభాలు చెప్పాయి. ఉప్పు చెప్పినది అన్నిటికంటే తక్కువ. ఉప్పు చవక, దొంగలెక్క రాసినా లాభం లేదు, కాబట్టి అదే నిజానికి దగ్గర.

ఈ కథ చెప్పి పిల్లల్ని అడగాలి, మీ ఊళ్ళో ఉప్పు ఏది? బళ్ళో మధ్యాహ్న భోజనానికి ఎందరు వచ్చారో హాజరు పట్టీలో చూడవచ్చు, వంటింట్లో ఉప్పు డబ్బాలోనూ చూడవచ్చు. ఎవరికీ పెంచి రాసే అవసరం లేని అంకె ఎక్కడుందో వెతకడం వాళ్ళకు ఆటలా ఉంటుంది. కాకిలెక్కలను పట్టే చూపు అక్కడ అలవడుతుంది.

మాటల ఇబ్బంది ఒకటుంది. ముళబాగిలు, శ్రీనివాసపురం పల్లెల్లో ఇంట్లో తెలుగు, బళ్ళో కన్నడ, పీయూసీకి వచ్చేసరికి సాంఖ్యక శాస్త్రం ఇంగ్లీషులో. ‘సరాసరి’ ఒక్కటే ఇంట్లోనూ బళ్ళోనూ వినబడే మాట. మధ్యగతం అనగానే తెల్లముఖం వేసే పిల్లవాడికి, ‘ఊళ్ళో బోర్లన్నీ లోతు ప్రకారం వరసగా నిలబెట్టు, నట్టనడుమ ఉన్నదాని లోతు చెప్పు’ అంటే క్షణంలో చెబుతాడు. రెండు బోర్లు పదిహేను వందల అడుగులు పోయినా నడిమిది కదలదని, సరాసరి మాత్రం లాగుకుపోతుందని తనే కనిపెడతాడు. ఉపాధ్యాయులకు కావలసింది కొత్త సిలబస్ కాదు. మండీ ధరల పట్టిక, ఊరి వాన కొలత, బోర్ల జాబితా తరగతిలోకి తెచ్చుకునే స్వేచ్ఛ, అందుకు నెలకొక పూట. విశ్వేశ్వరయ్య పుట్టిన ముద్దేనహళ్ళి మొన్నటిదాకా ఈ జిల్లాలోదే. 1934లో ప్రణాళికాబద్ధ ఆర్థిక వ్యవస్థ మీద పుస్తకం రాసిన మనిషి పేరిట ఏటా దండలు వేయడంతో పాటు ఈ ఒక్క పూట ఇవ్వలేమా?

చివరగా మన గడప దగ్గరికి వచ్చే అంకె. 2027 మార్చి 1 ప్రాతిపదికగా జనగణన తలపెట్టారు. అందులో మాతృభాష అంటే చిన్నతనంలో తల్లి మనతో మాట్లాడిన భాష అని నిర్వచనం. చదువుకున్న భాష కాదు, రాష్ట్రం భాష కాదు. తెలిసిన ఇతర భాషలు రాయించడానికి విడిగా గడి ఉంటుంది. కోలారు సీమలో చాలా ఇళ్ళలో ఈ రెంటినీ కలగలిపి, కన్నడం వచ్చు గనుక కన్నడమనే చెప్పేస్తారు. తెలుగని చెబితే కన్నడానికి దూరమైనట్టని జంకేవాళ్ళూ ఉన్నారు. రెండు గళ్ళూ మనవే. రేపు ఈ జిల్లాలో తెలుగువాళ్ళు ఎందరన్నది, దాన్ని బట్టి బడీ పుస్తకం ఉండాలా వద్దా అన్నది, ఆ గడిలో రాసిన దాన్ని చూసే అంటారు. గణకురాలు మీ అరుగు మీద కూర్చున్నప్పుడు మంచినీళ్ళిచ్చి, అడిగినదానికి ఉన్నది ఉన్నట్టు చెప్పండి. లేచే ముందు, ఏం నమోదు చేసుకుందో ఒక్కసారి చదివి వినిపించమ్మా అని అడగండి.